పెట్టె లోపల ఏముంది? కంప్యూటరు భాగాలు, వాటి పనులు



ఈమధ్య మన కార్యక్రమానికి ఫోను చేస్తున్నవాళ్ళలో చాలామంది అడుగుతున్నది ఒకటే. "ఇంట్లో కంప్యూటరు బాగా నెమ్మదించిందండీ, కొత్తది కొనెయ్యమంటారా?" అని. ఇంకొందరు "షాపువాళ్ళు మెమరీ పోయిందన్నారు, ఫొటోలన్నీ పోయినట్టేనా?" అని కంగారుగా అడుగుతున్నారు. డాక్టరు దగ్గరికెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చెప్తాడు? ఎక్కడ నొప్పో చెప్పాలి కదా. అందుకని ఈరోజు ఆ పెట్టె లోపల ఏ భాగం ఏం చేస్తుందో మాట్లాడుకుందాం. నా ఉద్యోగం సాఫ్టువేరు కన్సల్టింగండీ, స్క్రూడ్రైవరుతో దానికేమీ పని లేదు. కానీ ఐటీలో ఉన్నానని తెలిసిన పాపానికి, శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరి కంప్యూటరు విప్పుతూనే ఉంటాను!

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. ఇండియాలో మనం ఆ నిలువు పెట్టె మొత్తాన్ని "సీపీయూ" అంటాం. "మానిటరు బల్ల మీద, సీపీయూ బల్ల కింద" అని చెప్పుకుంటూ పెరిగాం. నిజానికి అది కేబినెట్టు, అంటే ఉత్త రేకు పెట్టె. అసలు సీపీయూ, అదే ప్రోసెసరు, లోపల ఎక్కడో ఫ్యాను కింద దాక్కుని ఉంటుంది. సైజు అగ్గిపెట్టెకి కాస్త అటూ ఇటూ. అందుకే మన పెద్దవాళ్ళు ఫోనులో "సీపీయూ పాడైందిరా" అంటే పెట్టెలో ఏదైనా పాడై ఉండొచ్చు. ప్రోసెసరు మాత్రం అయ్యుండదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. అన్నిటికన్నా తక్కువగా పాడయ్యే భాగాల్లో అదొకటి.

ప్రోసెసరు చేసే పని వినడానికి చాలా చిన్నది. లెక్కలు కట్టడం, రెండు అంకెల్ని పోల్చడం, ఫలితాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చూసుకోవడం. అంతే. కానీ ఆ చిన్న పని చేసే వేగం ఉంది చూశారూ, 3 గిగాహెర్ట్జ్ అని రాసి ఉందంటే దాని గడియారం సెకనుకి 300 కోట్లసార్లు టిక్కుమంటుందన్నమాట. 1971లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన 4004 అనే చిప్పులో సుమారు 2300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 2020లో వచ్చిన ఆపిల్ ఎమ్1 చిప్పులో 1600 కోట్లు! కాబట్టి మామూలు ఇంటి పనికి, అంటే ఈమెయిలు చూడ్డానికి, యూట్యూబులో పాత సినిమా పెట్టుకోవడానికి, పిల్లల హోంవర్కుకి, పదేళ్ళ కిందటి ప్రోసెసరు కూడా చాలాసార్లు సరిపోతుంది. మరి కంప్యూటరు ఎందుకు ఏడిపిస్తోంది?

ఇక్కడే రెండో పేరు గొడవ వస్తుంది. అదే "మెమరీ". ల్యాప్‌టాపు ప్రకటన చూడండి. 8 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజి అని ఉంటుంది. రెండూ జీబీలే. రెండిట్లోనూ ఏదో దాస్తారనే వినిపిస్తుంది. దాంతో మనవాళ్ళు రెండిటినీ కలిపేస్తారు.

వంటింటి లెక్కలో చెప్తాను. ప్రోసెసరు వంట చేసే మనిషి. ర్యాము పొయ్యి పక్కనున్న గట్టు. కూర చేస్తున్నంతసేపూ పోపుడబ్బా, తరిగిన కూరగాయలు, గరిటె దాని మీద ఉంటాయి. వంట అయ్యాక గట్టు తుడిచేస్తాం. డిస్కు సామాన్ల గది. బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ ఏడాదంతా అక్కడే ఉంటాయి, కరెంటు ఉన్నా లేకపోయినా. మీ ఫొటోలు, పన్ను కాగితాలు, పాస్‌పోర్టు కాపీలు అన్నీ ఉండేది సామాన్ల గదిలో. గట్టు మీద కాదు.

కంప్యూటరు ఆపగానే ర్యాములోవన్నీ ఎందుకు పోతాయని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ర్యాములో ఒక్కొక్క బిట్టునీ ఒక అతి చిన్న కెపాసిటరులో విద్యుత్తుగా నింపి పెడతారు. అది చిల్లు కుండ లాంటిది. నింపిన కొద్దిసేపటికే కారిపోతుంది. అందుకని ప్రతి కుండనీ 64 మిల్లీసెకన్లలోగా, అంటే సెకనుకి 15 సార్లకి పైగా, మళ్ళీ నింపుతూ ఉండాలి. కరెంటు ఆగిందా, నింపేవాడు లేడు. సేవ్ చేయని ఉత్తరం కరెంటు పోగానే మాయమయ్యేది అందుకే.

డిస్కు అలా కాదు. పాతరకం హార్డు డిస్కులో గుండ్రటి పళ్ళేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద అయస్కాంత గుర్తులుగా రాసి పెడతారు. రాసే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు ఎత్తులో తేలుతూ ఉంటుంది. నడుస్తున్న కంప్యూటర్ని ధడాలున పక్కకి జరపొద్దనేది ఈ కారణంగానే. ఇక కొత్తరకం ఎస్సెస్‌డీలో తిరిగేదేదీ లేదు, అంతా చిప్పులే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ర్యాములోంచి ఒక ముక్క తీసుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. పాత హార్డు డిస్కులో ముల్లు సరైన చోటికి జరిగి, పళ్ళెం తిరిగి ఆ ముక్క ముల్లు కిందికి వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు. అంటే లక్ష రెట్లు! గట్టు మీద ఉప్పు అందుకోవడానికి ఒక్క సెకను అనుకుంటే, హార్డు డిస్కులో ఉప్పు కోసం 27 గంటలకి పైగా ఆగాలి. అంటే ఇక్కడ అమెరికాలో మన ఇంటినుంచి బయల్దేరి, మధ్యలో విమానం మారి, హైదరాబాదులో దిగేంతసేపు. అదే ఎస్సెస్‌డీ అయితే ఆ లెక్కన ఓ పదిహేడు నిమిషాలు. కారులో ఇండియన్ స్టోరుకి వెళ్ళినంతసేపన్నమాట.

గట్టు ఇరుకైతే వంటమనిషి ఏం చేస్తాడు? ఉన్న డబ్బాల్లో కొన్ని సామాన్ల గదిలో పెట్టొచ్చి, అవి కావలసినప్పుడు మళ్ళీ వెళ్తాడు. బ్రౌజరులో నలభై కిటికీలు తెరిచి పెట్టినప్పుడు కంప్యూటరు చేసేదిదే. ర్యాము నిండి, డిస్కుకీ గట్టుకీ మధ్య తిరగడంతోనే పొద్దుపోతుంది. ప్రోసెసరు పాపం చేతులు కట్టుకుని కూచుంటుంది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. విండోసు కంప్యూటరైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో పర్‌ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ, మెమరీ, డిస్కు ఒక్కొక్కటీ ఎంత శాతం పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. కంప్యూటరు మొరాయిస్తున్నప్పుడే చూడాలి. సీపీయూ పదిలో ఉండి, డిస్కు నూటికి నూరు చూపిస్తూ ఉందా, అది తిరిగే హార్డు డిస్కయితే దాని స్థానంలో ఎస్సెస్‌డీ వేయించండి. అదే కంప్యూటరు లేడిపిల్లలా పరిగెడుతుంది. ఇంటి కంప్యూటరుకి ఇంతకంటే మంచి మరమ్మతు నేను చూడలేదు. మెమరీ తొంభై దాటి ఉందా, అప్పుడు ర్యాము పెంచాలి. కాకపోతే రెండు జాగ్రత్తలు. పల్చటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యాముని మదర్‌బోర్డుకే అతికించేస్తారు, పెంచడానికి వీలుండదు. పైగా 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యాము ధరలు బాగా పెరిగాయి. అవసరం తేల్చుకునే కొనండి.

ఈ మెమరీ గొడవకి ఒక ఉదాహరణ. మా అపార్టుమెంట్లలో ఒక పెద్దావిడ ఉన్నారు. వాళ్ళ కంప్యూటరు ఒకరోజు బీప్ బీప్‌మని మొత్తుకుని ఆగిపోయింది. షాపులో చూపిస్తే "మెమరీ పోయింది" అన్నారట. ఆ కంప్యూటరులో మనవరాలి అన్నప్రాశననాటి ఫొటోలున్నాయి. ఆవిడ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "బాబూ, ఇంక ఏమీ చేయలేమా?" అని నన్నడిగితే, "ఆంటీ, పోయింది ర్యామండీ, ఫొటోలుండేది డిస్కులో" అని చెప్పాను. కొత్త ర్యాము ముక్క పెట్టాం, ఫొటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. షాపువాళ్ళు అబద్ధం చెప్పలేదు. మాటే అటువంటిది.

ఇక పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటుని 12, 5, 3.3 వోల్టుల డీసీ కరెంటుగా మార్చి అన్ని భాగాలకీ పంచేది ఇదే. మన ప్రవాసులకి దీనితో ప్రత్యేకంగా పని ఉంది. ఊళ్ళో బడికిద్దామనో, తమ్ముడి పిల్లలకిద్దామనో పాత డెస్క్‌టాపుని ఇండియాకి తీసుకెళ్తుంటాం కదా. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, ఇండియాలో 230. పాత పవర్ సప్లైలలో చాలావాటికి వెనకవైపు ఒక చిన్న స్విచ్చి, తరచూ ఎర్రటిది, 115 అనో 230 అనో ఉంటుంది. దాన్ని 115 మీదే వదిలేసి ఇండియాలో ప్లగ్గు పెట్టారో, ఢామ్మని పేలి పొగ వస్తుంది! పెట్టే ముందు తీగ పీకేసి, ఆ స్విచ్చిని 230కి జరపండి. స్విచ్చి లేకపోతే చీటీ చదవండి. 100-240 అని ఉంటే రెండుచోట్లా పనిచేస్తుంది. ల్యాప్‌టాపు ఎడాప్టర్లు మామూలుగా ఇలాగే ఉంటాయి. ప్రింటరు, స్పీకర్ల చీటీలు కూడా విడివిడిగా చూడండి. మన స్టోర్లలో దొరికే ప్లగ్గు ఎడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు. ఇంకొక మాట, పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి. తీగ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

మదర్‌బోర్డు ఈ భాగాలన్నిటినీ కలిపే పలక. దాని గురించి ఒక్క సంగతి చెప్తాను, మీకు పనికొస్తుంది. చాలా డెస్క్‌టాపుల్లో ఆ పలక మీద రూపాయి బిళ్ళ లాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, పేరు సీఆర్ 2032. కంప్యూటరు ఆపేసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు సైటు తెరిస్తే "సురక్షితం కాదు" అని హెచ్చరిక వస్తుంది. సైటు సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదని కంప్యూటరు అనుకుంటుంది మరి! వైరసు పట్టిందని భయపడిపోతారు. ముందు తేదీ చూడండి. చాలాసార్లు ఆ బిళ్ళ మారిస్తే చాలు.

గ్రాఫిక్సు కార్డు బొమ్మలు గీసే పనికి. చిన్న చిన్న లెక్కలు వేలకొద్దీ ఒకేసారి చేయడం దాని ప్రత్యేకత. ఆటలు ఆడేవాళ్ళకీ, వీడియోలు కూర్చేవాళ్ళకీ తప్ప విడిగా కొననక్కర్లేదు. ఫ్యాను సంగతి అందరికీ తెలిసిందే గానీ, ల్యాప్‌టాపుని పరుపు మీదో దుప్పటి మీదో పెట్టి గాలి కన్నాలు మూసేస్తే, ప్రోసెసరు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నెమ్మదించడానికి అదీ ఒక కారణమే.

ఇప్పుడు విండోసు 10 సంగతి. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టుని 2025 అక్టోబరు 14న ముగించింది. విండోసు 11కి ఒక స్థాయి ప్రోసెసరు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం కావాలి. అవి లేవన్న కారణంతో బాగా నడుస్తున్న కంప్యూటర్లు కూడా మూలన పడుతున్నాయి. వాటిలో లినక్సు వేసుకుని ఇంకొన్నేళ్ళు వాడుకోవచ్చు. వద్దనుకుని ఎవరికైనా ఇచ్చేస్తారా, ఇవ్వండి. కానీ డిస్కుతో సహా ఇవ్వకండి. ఫైలు డిలీట్ చేసి చెత్తబుట్ట ఖాళీ చేసినంత మాత్రాన అందులోది చెరిగిపోదు. జాబితాలోంచి పేరు కొట్టేసినట్టే, సరుకు ఇంకా గదిలోనే ఉండొచ్చు. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు, పిల్లల పాస్‌పోర్టులు ఎవరి చేతికో వెళ్తాయి. డెస్క్‌టాపులో డిస్కు తీయడానికి స్క్రూడ్రైవరు, పది నిమిషాల ఓపిక ఉంటే చాలు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ల్యాప్‌టాపు చచ్చిపోయినా డిస్కు బతికే ఉంటే, దాన్ని తీసి వేరే కంప్యూటరుకి తగిలించి ఫొటోలు తెచ్చుకోవడం పాత పద్ధతి. ఇప్పటి విండోసు ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు తాళం వేసి ఉంటుంది. రికవరీ కీ లేకపోతే తెరుచుకోదు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇవాళే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోండి. 2020 తర్వాతి ఎమ్ చిప్పుల మ్యాకుల్లో అయితే స్టోరేజి ఆ చిప్పుకే కట్టుబడి ఉంటుంది, వేరేచోట చదవడం కుదరదు. పైగా పాత హార్డు డిస్కు పోయేముందు చాలాసార్లు టక్ టక్‌మని చప్పుడు చేసి హెచ్చరించేది. ఎస్సెస్‌డీ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పోతుంది. పెళ్ళి ఫొటోలు, నాన్నగారి గొంతు రికార్డులు లాంటివి ఉంటే ఒక బయటి డిస్కులో ఒక కాపీ, వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య ఇంట్లోనో క్లౌడులోనో ఇంకో కాపీ పెట్టుకోండి.

సరే, ఇక ఫోన్లు తీసుకుందాం. లైనులో ఎవరో చాలాసేపటినుంచి ఓపిగ్గా ఉన్నారు. చెప్పండి, ఏ భాగం గొడవ చేస్తోంది?