చెత్తకూ లెక్క ఉంది

వలీమా విందు ముగిసిన తరువాత ఫంక్షన్ హాలు వెనుకకు వెళ్లి చూసినవారు మనలో ఎందరున్నారు? సగం తిన్న బిర్యానీ, కొరికి వదిలిన మాంసం ముక్కలు, రెండు గుక్కలు తాగి పారవేసిన నీళ్ల సీసాలు అక్కడ గుట్టగా పడి ఉంటాయి. మరునాడు మునిసిపాలిటీ బండి వాటిని ఎత్తుకుపోతుంది. కంటికి కనిపించనందున వ్యవహారం ముగిసిందనుకుంటాము. కాని ఆ చెత్త ఊరి చివర నివసించే పేదల ముంగిటికి చేరుతుంది. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్‌లో పోగుపడింది. దాని నుండి ఊరిన మురుగు సమీపంలోని మల్కారం చెరువును కలుషితం చేసింది. పొరుగువారికి కీడు కలిగించరాదని నేర్చుకున్న మనకు ఇది సంబంధం లేని విషయమా?

దక్షిణ కొరియా రాజధాని సియోల్ కూడా ఒకప్పుడు ఈ దారినే నడిచింది. హాన్ నది ఒడ్డున ఉన్న నాన్‌జీదోలో 1978 నుండి 1993 వరకు నగరపు చెత్తను పోశారు. అక్కడ 90 మీటర్లకు పైగా ఎత్తయిన రెండు చెత్త కొండలు లేచాయి. వాటిని మట్టితో కప్పి, 2002 నాటికి ఉద్యానవనంగా మార్చారు. అయితే ఎన్ని కొండలను అలా కప్పగలరు? అందుకే చెత్త పుట్టే చోటనే దానిని తగ్గించే విధానాలను ఆ దేశం చేపట్టింది.

1995లో, ఎంత చెత్త వేస్తే అంత రుసుము అనే పద్ధతి దేశమంతటా అమలులోకి వచ్చింది. నిర్ణీత సంచులను కొని, వాటిలోనే చెత్త వేయాలి. కాగితం, సీసాలు, లోహం వేరుచేసి ఇస్తే రుసుము ఉండదు. 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా భూమిలో పూడ్చడాన్ని నిషేధించారు. 2013 నుండి వాటికీ పరిమాణాన్ని బట్టి రుసుము విధించారు. అనేక అపార్టుమెంట్లలో కార్డు చూపితేనే డబ్బా మూత తెరుచుకుంటుంది. వేసినదానిని తూచి, ఆ ఇంటి లెక్కలో చేరుస్తుంది. అలా సేకరించినది పశువుల దాణాగా, ఎరువుగా, బయోగ్యాస్‌గా మారుతుంది. వాడినదానిని పారవేయక తిరిగి ఉపయోగంలోకి తెచ్చే ఈ పద్ధతికి ‘సర్క్యులర్ ఎకానమీ’ అని పేరు. ఇందులోనూ మొదటి మెట్టు వ్యర్థం పుట్టకుండా చూడటమే. మరమ్మతు, పునర్వినియోగం ఆ తరువాతివి.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే జరిగింది. కనుక ఈ సంస్కరణ మన వంటింటి నుండే ఆరంభం కావాలి.

సియోల్ గృహిణికి నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. మనకు అటువంటి బిల్లు రాదు. కాని ప్రతి అనుగ్రహం గురించీ ప్రశ్నింపబడతామనీ, కర్మలు తూచబడే దినం ఉన్నదనీ విశ్వసించేవారము మనము. దివ్యఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరాలో తినడానికి, తాగడానికి అనుమతినిస్తూనే మితిమీరడాన్ని వారించింది. దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే బాగుచేసుకునేవారని, చినిగిన వస్త్రాలను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. క్రింద పడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమని ఆయన బోధించారు.

ఈ బోధనలను విందుల్లోనూ పాటిద్దాము. వచ్చే అతిథుల సంఖ్యను ముందే తెలుసుకుని వండిద్దాము. కొద్దికొద్దిగా వడ్డించి, కోరినవారికి మళ్లీ వడ్డిద్దాము. ప్లాస్టిక్ సీసాలకు బదులు స్టీలు గ్లాసులు పెడదాము. ఎంగిలి పడని ఆహారం పాడవకముందే అవసరమున్నవారికి చేరేలా విందుకు ముందే మనుషులను ఏర్పాటు చేద్దాము. ఇంట్లో తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేద్దాము. 2016 నాటి కేంద్ర నిబంధనలు కూడా ఇదే కోరాయి. మహల్లా పెద్దలు, మస్జిద్ కమిటీలు విందులో వంటకాల సంఖ్యకు ఒక హద్దు నిర్ణయిస్తే, పరువు కోసం అప్పు చేసి వడ్డించే తండ్రులకూ ఎంతో ఊరట లభిస్తుంది.