సరమ అడిగిన ప్రశ్న

మనుష్యుడు పశుపక్ష్యాదులను గూర్చి ఏమనుకొంటాడో తెలిపే గ్రంథాలు కోకొల్లలు. అవి మనుష్యుని గూర్చి ఏమనుకొంటాయో తెలిపే గ్రంథం వాటి చేతి వ్రాతలో ఒక్కటీ లేదు. పెన్నానది ఒడ్డున ఉన్న చెన్నూరు మొదలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వరకు ఏ పల్లెకు పోయి చూచినా అరుగు క్రింద కుక్క, పొయ్యి ప్రక్కన పిల్లి, కొట్టంలో పశువు కనబడుతూనే ఉంటాయి. యజమాని కోపమూ, ఇల్లాలి దుఃఖమూ, పిల్లల అల్లరీ నిత్యమూ చూచే సాక్షులివి. నోరులేని జీవాలని మనం జాలిపడతాము; జాలిపడి, వాటి తరఫున మనమే మాట్లాడుతాము. చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఏలయనగా, మనం వాటి నోట పలికించేది తరచుగా మన స్తోత్రమే. 1576లో హల్దీఘాట్ యుద్ధాన గాయపడిన చేతక్ అనే గుర్రం రాణా ప్రతాపుని సురక్షిత స్థలానికి చేర్చి ప్రాణం విడిచినదని రాజస్థాన గాథలు చెబుతాయి. రాణా చరిత్రను తెలుగున కావ్యంగా సంతరించిన దుర్భాక రాజశేఖర శతావధానిగారు ప్రొద్దుటూరు వారే కనుక ఈ సీమ పాఠకులకు ఆ వీరుని కథ పరాయిది కాదు. చేతక్ పరుగును మనం స్వామిభక్తి అంటాము. పరుగు గుర్రానిది, ఆ మాట మాత్రం మనది. ఆ యుద్ధం ఎవరికోసమో, ఎందుకోసమో ఆ గుర్రాన్ని అడిగినవారు లేరు.

అయితే మన వాఙ్మయం స్తోత్రంతోనే తృప్తిపడలేదు. పదకొండవ శతాబ్దంలో నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వం తొలి ఘట్టాలలోనే ఒక కుక్క న్యాయం అడుగుతుంది. జనమేజయుడు యాగం చేస్తున్నాడు. దేవతల శునకమైన సరమ కుమారుడు ఆ చోటికి వచ్చినాడు. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమినారు. వాడు హోమద్రవ్యాన్ని ముట్టలేదు. కనీసం దానివైపు చూడనైనా లేదు. బిడ్డ ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకొన్నాడు. సరమ రాజసన్నిధికి వచ్చి, ఏ తప్పూ చేయని వానిని ఎందుకు కొట్టినారని నిలదీసింది. ఉచితానుచితాలు విచారింపక దుర్బలులను బాధించేవారికి ఊహింపని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. చక్రవర్తి వద్ద సమాధానం లేదు. భయం మాత్రమే మిగిలింది. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో మరొక కుక్క ఉన్నది. అది ఒక్క మాటయినా ఆడక ధర్మరాజు వెంట నడిచింది. దానిని విడిచి వచ్చేటట్లయితే స్వర్గమైనా వలదన్నాడాయన. ఆ కుక్కయే ధర్మదేవత అని తరువాత తెలిసింది. మాట్లాడిన కుక్కకు భారతం మొదట జవాబు దొరకలేదు. మాట్లాడని కుక్కకు భారతం చివర దొరికింది.

ఇది పురాణమే కదా అని తోసివేయడానికి వీలులేదు. ఆధునిక శాస్త్రమూ ఈ సంగతినే మరొక త్రోవలో పరీక్షించింది. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే విదుషీమణి పెంపుడు కుక్కలపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. తినవలదని చెప్పి కుక్క ఎదుట తినుబండారం పెట్టి యజమాని బయటికి పోవాలి. అతడు తిరిగి వచ్చేసరికి కుక్క తిన్నదో లేదో పరిశోధకురాలు చెబుతుంది. కొన్ని సార్లు కావాలనే తప్పు చెబుతుంది. తల వంచడం, చూపు తప్పించడం వంటి దోషి లక్షణాలు కుక్క తిన్నందువలన కనబడలేదు. యజమాని గద్దించినందువలన కనబడినవి. తినకుండానే తిట్లు తిన్న కుక్కలో అవి మరింత స్ఫుటంగా ఉన్నవి! మనం దాని ముఖాన చదివినది నేరాంగీకారం కాదు, మన కోపానికి ప్రతిబింబం. సరమ బిడ్డ ముఖం కూడా ఆ తమ్ములకు దొంగ ముఖంగానే కనబడి ఉండును.

ఇంకొక గుర్రం కథ ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడు హాన్స్ అనే గుర్రానికి లెక్కలు నేర్పినాడు. అది గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో రహస్యం బయటపెట్టినాడు. ప్రశ్న అడిగినవానికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియదు. సరియైన సంఖ్య రాగానే అడిగినవాడు తనకు తెలియకుండానే తల కొంచెం కదలించేవాడు. గుర్రం అది గమనించి ఆగేది. దానికి గణితం రాదు. మనిషిని చదవడం వచ్చును. ఆ మనిషికి మాత్రం గుర్రాన్ని చదవడం రాలేదు.

ఈ దృష్టితో మన సీమలోని బండలాగుడు పందెం చూడవలెను. తిరునాళ్లలో ఎద్దుల జత పెద్ద బండను లాగుతుంది, చెర్నాకోల ఆడుతుంది, జనం కేకలు వేస్తారు, బహుమానం యజమానికి దక్కుతుంది. ఎద్దు రోషంతో లాగినదంటాము. రోషమో, నొప్పియో, భయమో మనకెలా తెలియును? ఆ రైతు తన ఎద్దులను బిడ్డలవలె సాకుతాడన్నదీ నిజమే. ప్రేమ ఉన్నచోటనే ఈ ప్రశ్న మరీ అవసరం. పశువులను కొట్టడమూ, శక్తికి మించి శ్రమపెట్టడమూ నేరమని 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం చెబుతున్నది. సరమ ప్రశ్నకు అది శాసనరూపమైన జవాబు. కొట్టంలో ఇవ్వవలసిన జవాబు ఎవరికి వారే ఇవ్వవలెను.

మన బడులలో ఆవును గూర్చి వ్యాసం వ్రాయని విద్యార్థి అరుదు. ఆవు సాధుజంతువు, పాలిచ్చును, పేడ ఇచ్చును, దూడలనిచ్చును అని వ్రాస్తాడు. అందులో ఉన్నదంతా మనకు ముట్టిన లెక్కయే. ఆ వ్యాసం వ్రాసిన పిల్లవానిచేతనే ఆవు వ్రాసినట్లుగా మనిషిని గూర్చి మరొక వ్యాసం వ్రాయించవచ్చును. గడ్డి వేసినవాడు, నీళ్లు పెట్టినవాడు, దూడను లాగివేసినవాడు, ముసలితనాన సంతకు తోలినవాడు, అందరూ అందులో వస్తారు. అది నిజంగా ఆవు మనస్సేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినను పొగడ్తతో పాటు ఫిర్యాదు కూడా వ్రాయగలిగిన పిల్లవాడు మూగజీవం ఎదుట చేయి ఎత్తేముందు ఒక్క క్షణం ఆగుతాడు.