రంజకం కుదిరితేనే గురి

మూతి వైపు నుంచి మందు పోసి, గుండు దించి, గజం అనే పొడుగాటి కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీకి గురి ఎక్కడి నుంచి వస్తుంది? గొట్టం మంచిదై ఉండాలంటారు, గుండు సరిగ్గా పట్టాలంటారు, మందు కొలత తప్పకూడదంటారు, పేల్చేవాడి చెయ్యి నిలకడగా ఉండాలంటారు. అన్నీ నిజమే. నేను మాత్రం ముందు ప్రైమర్ ఏది వాడుతున్నారని అడుగుతాను. శనగగింజంత ఉండే ఆ ఇత్తడి మూతే మందుకి నిప్పు అందిస్తుంది. ఆ నిప్పు పోటుపోటుకీ మారుతుంటే మిగతావన్నీ ఎంత బాగున్నా గుండ్లు ఒకచోట పడవు.

మాది ఉప్పలగుప్తం. ఉద్యోగం కోసం అమెరికా వచ్చి ఒహాయోలో సిన్సినాటి దగ్గర స్థిరపడ్డాను. ఇక్కడ జనవరి మొదట్లో, మన ఊళ్లో సంక్రాంతి సందడి మొదలయ్యే రోజుల్లో, జింకల వేటకి ఈ రకం తుపాకులకంటూ ప్రత్యేకంగా కొన్ని రోజులు కేటాయిస్తారు. పొరుగునే ఉన్న ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో 1933లో పుట్టిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘానికి పెద్ద మైదానం ఉంది. ఏటా పోటీలు అక్కడే. చెకుముకి రాయితో పేలే పొడుగాటి తుపాకీని తెల్లజుట్టు పెద్దలు ఎంత శ్రద్ధగా నింపుతారో చూస్తే తప్ప తెలీదు.

ఊరికి ఫోన్ చేసినప్పుడు మావయ్య అడిగాడు: "ఏరా, నిప్పంటే నిప్పే కదా! అందులో మంచి నిప్పు, చెడ్డ నిప్పు ఉంటాయా?"

"ఉంటాయండీ మావయ్యా," అన్నాను. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను.

ఈ సంగతి మన నేలకి కొత్తదేం కాదు. గోదావరి దాటి పిఠాపురం వైపు వెళితే చందుర్తి వస్తుంది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. ఆ కాలపు సిపాయి చేతిలో ఉండేది చెకుముకి తుపాకీ. గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు రంజకం పోస్తాడు. మీట నొక్కితే రాయి ఉక్కు మీద గీసుకుని రవ్వ రాలుతుంది, రంజకం భగ్గుమంటుంది, ఆ మంట చెవి రంధ్రం గుండా లోపలి మందుని అందుకుంటుంది. మీట నొక్కడానికీ గుండు బయల్దేరడానికీ మధ్య చిన్న జాగు. ఆ జాగులో చెయ్యి కదిలిందా, గురి పోయినట్టే. రంజకం ఎక్కువ పోస్తే చెవి మూసుకుపోయి మంట నెమ్మదిగా పాకుతుంది. ముసురు పట్టి రంజకం చెమ్మగిల్లితే అసలు పేలదు. ఉప్పుగాలి కొట్టే మా సముద్రతీరంలో పుట్టినవాణ్ణి కదా, చెమ్మ ఎంత పని చేస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ జాగుని తప్పించాలని పట్టుబట్టినవాడు స్కాట్లండులో ఒక చర్చి ఫాదరీ, అలెగ్జాండర్ ఫోర్సైత్. ఆయనకి పక్షుల వేట ఇష్టం. పళ్లెంలో మెరుపు కనబడగానే, గుండు రాకముందే, పక్షులు ఎగిరిపోతుండేవి. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతికి 1807లో ఆయన పేటెంటు పొందాడు. తర్వాత కొన్నేళ్లకి ఆ రసాయనం రాగి టోపీలో కూర్చుంది. 1840ల నాటికి చాలా సైన్యాలు చెకుముకిని వదిలి టోపీకి మారుతున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లెజనం చేతుల్లో కనిపించిన బర్మారు తుపాకులదీ ఈ మూతి నుంచి నింపే వంశమే.

ఇప్పుడు ఇక్కడ దొరికే ప్రైమర్లు ముఖ్యంగా మూడు రకాలు. పదకొండో నంబరు టోపీ చిన్నది, మంట తక్కువ. మస్కెట్ టోపీ దానికంటే పెద్దది, మంట ఎక్కువ. మూడోది 209. ఇది అసలు షాట్‌గన్ తూటాల కోసం తయారైంది. 1985లో టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85 తుపాకీతో, ప్రైమర్ మందుకి సూటిగా వెనకాలే ఉండే నమూనా ఇంటింటికీ చేరింది. ఆ నమూనాలో ఆనక 209 స్థిరపడిపోయింది. మంట పెద్దది, వానలోనూ పేలుతుంది, ఇంకేం కావాలి అనుకున్నారు అందరూ.

చిక్కు అక్కడే వచ్చింది. గొట్టంలో గుండుని పట్టి ఉంచేది దాని బిగువు ఒక్కటే. తూటాలో మాదిరి దాన్ని ముడిచి పట్టే ఇత్తడి గొట్టం ఉండదు. వేడి 209 పేలినప్పుడు దాని ఒత్తిడే మందు పూర్తిగా అంటుకోకముందే గుండుని కాస్త ముందుకి నెట్టేయగలదు. పొయ్యి రాజెయ్యడానికి ఊదుగొట్టంతో మరీ గట్టిగా ఊదితే నిప్పు అంటుకునేలోపే బూడిద లేచిపోతుందే, అలాగన్నమాట. గుండు ఎంత జరిగిందన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదు. మందుకి దొరికిన చోటు మారుతుంది, ఒత్తిడి మారుతుంది, వేగం మారుతుంది. సెకనుకి 1,800 అడుగులతో వెళ్లాల్సిన గుండు 1,750తో వెళితే 100 గజాల దగ్గర తేడా అంతగా తెలీదు. 200 గజాలకి అంగుళంన్నర పైచిలుకు కిందకి దిగుతుంది.

ఇంకో బెడద మసి. హాడ్జ్‌డన్ వారి ట్రిపుల్ సెవెన్ మందుని వేడి ప్రైమర్‌తో కాలిస్తే గొట్టంలో మందు ఉన్నచోటికి కాస్త ముందు గట్టి పెచ్చు వలయంలా కడుతుంది. రెండో గుండు దించేటప్పుడు గజం అక్కడ ఆగిపోతుంది. బలవంతంగా తోస్తే గుండు రూపు చెడుతుంది, తోయకపోతే మందు మీద సరిగా కూర్చోదు. అందుకే వించెస్టర్ ట్రిపుల్ సెవెన్ పేరుతోనే మంట తక్కువుండే మెత్తని 209 తెచ్చింది, రెమింగ్టన్ క్లీన్‌బోర్ తెచ్చింది. నా అనుభవంలో ట్రిపుల్ సెవెన్ వాడేవారికి మెత్తని ప్రైమరే ముందు చూడదగ్గది.

అలాగని మెత్తనిదే ఎప్పుడూ మంచిదని పట్టుకోకండి. బ్లాక్‌హార్న్ 209 అనే మందు ఉంది. మసి తక్కువ, కానీ అంత సులువుగా అంటుకోదు. దానికి ఫెడరల్ 209ఏ, సీసీఐ 209ఎం లాంటి వేడివే కావాలి. మెత్తనిది పెడితే మీట నొక్కాక క్షణం ఆగి పేలుతుంది, ఒక్కోసారి పేలనే పేలదు. అలా ఆగితే మూతి సురక్షితమైన వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదపకూడదు. అసలు సిసలు నల్ల తుపాకిమందు సంగతి వేరు. అది చిన్న రవ్వకే అంటుకుంటుంది కాబట్టి పదకొండో నంబరు టోపీ చాలు. మందుని బట్టి ప్రైమర్, అంతేగానీ డబ్బా మీది పెద్ద అక్షరాలని బట్టి కాదు.

ఏది సరిపోతుందో మీ తుపాకీయే చెప్పాలి. నేను చేసే పద్ధతి ఇది. మందు, గుండు, గజం మీద వేసే బరువు, ఏవీ మార్చను. ప్రైమర్ ఒక్కటే మారుస్తాను. ప్రతి పోటు తర్వాత తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ గొట్టంలో నడుపుతాను. గొట్టం చల్లారాక మళ్లీ నింపుతాను. ఒక్కో ప్రైమర్‌కి ఒక కాగితం, ఒక్కో కాగితం మీద ఐదు గుండ్లు, పక్కన ప్రైమర్ పేరు. గుంపు నిలువునా సాగితే వేగంలో తేడా ఉందని ముందు అనుమానిస్తాను. అడ్డంగా సాగితే గాలినో చేతినో చూస్తాను. ఇంట్లో పూర్తిగా కడిగి తెచ్చిన గొట్టం నుంచి ఆ రోజు వచ్చే మొదటి గుండు తరచు వేరే చోట పడుతుంది కాబట్టి దాన్ని లెక్కలో కలపను.

ప్రైమర్ తన గూట్లో ఎలా కూర్చుందో కూడా చూడాలి. వదులుగా ఉంటే మంట కొంత వెనక్కి తన్నుతుంది. పేల్చాక ప్రైమర్ చుట్టూ నల్లటి మసి కనిపిస్తే అదే గుర్తు. ఒకే 209 అయినా ఒక్కో కంపెనీది కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒకటి ఒక తుపాకీలో బిగువుగా, ఇంకోదాంట్లో వదులుగా ఉండటం అందుకే. ఆ ఖాళీ పూడ్చడానికి సన్నని రబ్బరు వలయం వేసుకునేవారున్నారు.

"మన చేలల్లో పందుల మీదకి ఇలాంటిది పెట్టుకోవచ్చురా?" అని మావయ్య చివర్లో అడిగాడు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలాకి మూతి నుంచి నింపే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు పెట్టింది. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం. జంతువుని చంపడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డంగా ఉంటుంది. ముందు అధికారుల దగ్గరికి వెళ్లమనే చెప్పాను.

ఇక్కడివారికి ఒక మాట. మీ తుపాకీకి నచ్చిన ప్రైమర్ దొరికితే అదే లాట్‌వి కొన్ని డబ్బాలు కలిపి కొని పొడిచోట దాచుకోండి. డబ్బా మీద లాట్ నంబరు మారితే, వేటకి బయల్దేరే ముందు మళ్లీ ఐదు గుండ్లు కాగితం మీద కాల్చి చూడండి.