చిన్న ట్రాక్టరునకు మొదటి 50 గంటల సంరక్షణ

నవాబుపేట పరిసరముల చెల్కలలోను, రేగడులలోను దుక్కికై చిన్న ట్రాక్టరును కొను పట్టాదారు దానిని రోహిణి కార్తెలో పొలమునకు దింపెననుకొందము. దినమునకు 8 గంటల చొప్పున నడచినచో ఆఱు దినములలో గంటల మీటరు 48 చూపును. మొదటి నూనెమార్పు పెక్కు బండ్లకు 50 గంటలకు నిర్ణయింపబడియున్నది గనుక, అది సరిగా తొలకరి తొందరలో వచ్చిపడును. విత్తుట ముగిసిన పిదప చూచుకొందమని వాయిదా వేయు రైతు, అప్పుచేసి కొన్న యంత్రమునకు మొదటి యేడే చేటు తెచ్చుకొనవచ్చును.

క్రొత్త ఇంజనులో పిస్టను రింగులు మొదలగునవి ఒండొంటితో ఒరసికొని సరిపడు కాలమున సన్నని లోహపు రజను రాలును. అందు అధికభాగమును ఫిల్టరు పట్టుకొనును గాని, అంతయు గాదు. మిగిలినది బేరింగులను గీయును. కావున నూనె చూచుటకు శుభ్రముగా నున్నను తీసివేయవలసినదే. తరువాతి మార్పుల గడువు ఇంతకంటె దీర్ఘముగా నుండును. బండితో వచ్చిన పుస్తకమే అందులకు ప్రమాణము.

బండితోపాటు ఉచిత సర్వీసు చీటీలు వచ్చియున్నచో, ఇంటియొద్ద పని చేసికొనుట వలన గ్యారంటీకి భంగము కలుగునేమో డీలరును ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

బండిని చదునైన నేలపై నిలిపి, నాగలిని నేలకు దించి, చేతిబ్రేకు వేసి, తాళపుచెవి తీసివేయవలెను. ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడే నూనె దింపుట మేలు. అప్పుడు రజను నూనెతోనే వెలికివచ్చును. పాత ఫిల్టరు తీసి, క్రొత్తదాని రబ్బరు చుట్టునకు నూనె రాచి, చేతితోనే బిగింపవలెను. పానాతో బిగించిన రబ్బరు నలగి నూనె కారును. పుస్తకమున చెప్పిన రకపు నూనెను కొలకఱ్ఱపై పైగీతను మించకుండ పోసి, ఇంజనును రెండు నిమిషములు మెల్లగా నడపి ఆపి, కొంతసేపటికి మరల కొలత చూడవలెను.

ఈ ప్రాంతమున ఎండుదుక్కి దుమ్ము ఇంజనునకు పెద్ద శత్రువు. నూనెగిన్నె గల ఎయిర్ క్లీనరైనచో గిన్నెలోని మడ్డి తీసి, గుర్తు వఱకే నూనె పోయవలెను. ఎక్కువ పోసిన మంచిదను భ్రమ కొందఱికి కలదు. అది ప్రమాదము: అదనపు నూనె ఇంజనులోనికి పీల్చబడి మండిన, ఆపినను ఆగక వేగము పెరుగవచ్చును. కాగితపు ఫిల్టరును నీట కడుగరాదు, నేలకు కొట్టరాదు. క్లీనరు నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టమును వ్రేలితో తడిమి చూడవలెను. అందొక పగులున్నచో, ఎంత మంచి ఫిల్టరైనను వ్యర్థము.

చక్రముల నట్లను మొదటి దినముల నుండియే ఎదురెదురుగా బిగించుచుండవలెను. ఫ్యాను బెల్టు బిగువు, క్లచ్చి పెడలు ఆట, బ్యాటరీ తీగెలు, డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీరు, ఇవన్నియు అరగంట పని. వేడి రేడియేటరు మూత మాత్రము తెఱవరాదు.

తీసిన నూనెను బావి దరిని గాని, కాలువలో గాని పోయక డబ్బాలో నుంచి డీలరునకు అప్పగింపవలెను. నూనె, ఫిల్టరు కొన్న రసీదులను, మీటరు చూపిన గంటలను, తేదీని ఒక పుస్తకమున వ్రాసి బండి కాగితములతో భద్రపఱుపవలెను. గ్యారంటీ వివాదము వచ్చినప్పుడును, బండి అమ్మునప్పుడును ఈ పుస్తకము అక్కఱకు వచ్చును.