బలానికని మింగితే బిగుసుకున్న చర్మం

మందుల షాపులోనూ, కిరాణా కొట్టులోనూ, సంతలోనూ బలం పొడులు, మాత్రలు దొరుకుతున్నాయి. ‘మందు కాదు గదా, తిండిలాంటిదే, ఏం చేస్తుంది?’ అని కొనేవారే ఎక్కువ. అమెరికాలో కూడా 1989లో జనం అలాగే అనుకున్నారు.

ట్రిప్టోఫాన్ అనే పదార్థం పాలు, గుడ్లు, పప్పుల్లో సహజంగానే ఉంటుంది. నిద్ర పడుతుందని, దిగులు తగ్గుతుందని దీనిని అక్కడ మాత్రలుగా చేసి, డాక్టరు చీటీ లేకుండానే అమ్మేవారు. ఆ ఏడాది అక్టోబరులో న్యూమెక్సికో రాష్ట్రంలో ముగ్గురు స్త్రీలు ఓర్చుకోలేని కండరాల నొప్పులతో డాక్టర్ల వద్దకు వచ్చారు. రక్తంలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. మన ఊళ్లలో ఇస్నోఫీలియా అంటే దగ్గు, ఆయాసం. ఇది అది కాదు. ఈ జబ్బు పడినవారిలో ఎందరికో కాళ్లూ చేతులూ వాచి, చర్మం తోలులా బిగుసుకుపోయింది. కొందరికి నరాలు దెబ్బతిన్నాయి. ఇంకా ఏమేం వాడుతున్నారని డాక్టర్లు అడిగితే ముగ్గురూ ట్రిప్టోఫాన్ పేరే చెప్పారు. నవంబరులో ప్రభుత్వం ఆ మాత్రలను బజారు నుంచి వెనక్కి రప్పించింది. లెక్క తేలేసరికి కేసులు 1,500 దాటాయి. కనీసం 37 మంది చనిపోయారు.

విచారణలో జపాన్‌కు చెందిన షోవా డెంకో కంపెనీ సరుకు మీదే ప్రధానంగా అనుమానం నిలిచింది. తయారీలో చేరిన మలినాలే కారణమని చాలామంది నిపుణుల అభిప్రాయం.

పశువులకు వేసే లూసర్న్ గడ్డి రైతులకు తెలిసిందే. విదేశాల్లో దానినీ అల్ఫాల్ఫా పేరుతో మాత్రలు చేసి అమ్ముతారు! దాని మొలకలు తిన్న కోతులకు లూపస్ వంటి జబ్బు వచ్చినట్లు 1982లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒంటిని కాపాడవలసిన శక్తి ఒంటి మీదే తిరగబడి కీళ్లను, చర్మాన్ని, మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బు లూపస్. మరుసటి ఏడాది, జబ్బు అణిగి ఉన్న ఇద్దరు రోగులకు ఈ మాత్రలు వాడాక అది తిరగబెట్టినట్లు డాక్టర్లు రాశారు. గింజల్లో, మొలకల్లో ఉండే కెనవనైన్ అనే పదార్థం మీద అనుమానం.

మింగిన ప్రతివారికీ ఇలా అవుతుందని కాదు. గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు ఈ భయంతో మానరాదు. కానీ లూపస్, కీళ్లవాతం ఉన్నవారు డాక్టరును అడగకుండా బలం మాత్రల జోలికి పోకపోవడం మంచిది. డబ్బా మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు ఉందో లేదో చూడాలి. అది ఉన్నంతమాత్రాన మన ఒంటికి సరిపడుతుందని మాత్రం కాదు. వాడుతుండగా కండరాల నొప్పులు, వాపు, చర్మం బిగుసుకోవడం కనబడితే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. డబ్బాను పారేయకుండా వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి.