వేలం అంగడిలో అమ్మకందారుని హక్కు

కొనుగోలుదారును మోసం నుండి కాపాడడం న్యాయమైన ఏ వ్యాపార వ్యవస్థకైనా తప్పనిసరి. ఐతే ఆ రక్షణకు హద్దు లేకపోతే అది నిజాయితీగల అమ్మకందారుకు శిక్షగా మారుతుంది. ఇంటర్నెట్ ద్వారా సాగే వేలాలలో చిన్న వ్యాపారులు చేసే ఫిర్యాదు సారాంశం ఇదే.

ఈ వేలాలలో పేరెన్నికగన్నది అమెరికాకు చెందిన ఈబే. 1995లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పియర్ ఒమిడ్యార్ దీనిని ప్రారంభించాడు. ఇందులో తొలుత అమ్ముడైనది పనిచేయని లేజర్ పాయింటర్ అనీ, దాని ధర 14.83 డాలర్లు అనీ ఆ సంస్థ చెప్పుకుంటుంది. అది పాడైనదని అమ్మినవానికీ తెలుసు, కొన్నవానికీ తెలుసు. లోపం ఇద్దరికీ తెలిసిన బేరంలో తగవుకు తావుండదు.

కాని ముఖపరిచయం లేనివారి మధ్య అన్ని బేరాలూ అలా జరుగవు. కొనేవాడు బొమ్మను మాత్రమే చూసి ముందుగా సొమ్ము చెల్లిస్తాడు. అందుకే 1996లో ఒకరి నడవడిని గురించి మరొకరు అభిప్రాయం నమోదు చేసే ఏర్పాటు వచ్చింది. 2008 మే నెల నుండి కొనుగోలుదారుపై ప్రతికూల అభిప్రాయం వ్రాసే హక్కును అమ్మకందారుల నుండి తొలగించారు. అమ్మకందారులు ప్రతీకారంగా చెడ్డ అభిప్రాయం వ్రాస్తారన్న భయంతో కొనుగోలుదారులు నిజం చెప్పడం లేదన్నది సంస్థ చూపిన కారణం. దీనికి నిరసనగా ఆ ఏడు ఫిబ్రవరిలోనే పలువురు అమ్మకందారులు కొద్ది రోజులు అమ్మకాలు మానివేశారు. 2010లో కొనుగోలుదారుల రక్షణ పథకం అమలులోకి వచ్చింది. అదే తరువాత సొమ్ము వాపసు హామీగా పేరు మార్చుకున్నది.

ఈ హామీ ప్రకారం వస్తువు అందకపోయినా, వర్ణనకు భిన్నంగా ఉన్నా కొనుగోలుదారు సాధారణంగా 30 రోజులలో ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకందారు మూడు పనిదినాలలో పరిష్కారం చూపాలి. “వాపసు తీసుకోబడదు” అని ముందే ప్రకటించి ఉన్నప్పటికీ, వర్ణనకు భిన్నంగా ఉన్నదన్న ఫిర్యాదుకు అది అడ్డురాదు. తిరుగు రవాణా ఖర్చు కూడా అమ్మకందారుదే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొన్న తరువాత మనసు మారినవాడు కూడా “వర్ణనకు భిన్నం” అన్న ఒక్క మాటతో వస్తువును ఉచితంగా తిప్పిపంపగలడు. కొందరు మంచి వస్తువును ఉంచుకొని పాడైన పాతదాన్ని పెట్టెలో పెట్టి పంపుతారు. మరికొందరు ఫిర్యాదు చేస్తామని బెదిరించి ధర తగ్గించుకుంటారు. పెట్టె మూసే సమయంలో అందులో ఏముందో, తెరిచిన సమయంలో ఏముందో మూడవ వ్యక్తి ఎవరూ చూడలేదు. అందుచేత సంస్థ తీర్పు తరచుగా ఫిర్యాదీ మాట వైపే మొగ్గుతున్నదని అమ్మకందారుల ఆవేదన. తాము పరిష్కరించని ఫిర్యాదులు పెరిగితే వారి శ్రేణి పడిపోతుంది. ఆ భయంతో అన్యాయమని తెలిసినా సొమ్ము తిరిగి ఇచ్చివేసేవారున్నారు. భారతదేశం నుండి విదేశాలకు చవక వస్తువులు అమ్మేవారికి తిరుగు రవాణా ఖర్చు వస్తువు ధరనే మించిపోవచ్చు.

అలాగని రక్షణే వద్దనడం సరికాదు. మంచి సరుకును చెడ్డ సరుకు నుండి వేరుచేసి చూడలేని బజారులో కొనేవారు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తారని, దానితో మంచి సరుకు బజారు నుండి తప్పుకుంటుందని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో వివరించాడు. వాపసు హామీ వల్ల కలిగే నమ్మకం నిజాయితీగల అమ్మకందారుకు కూడా లాభమే.

ఈ సమస్యపై ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు శతాబ్దాల క్రితమే ఆలోచించారు. వేలం వారికి కొత్తది కాదు. దైవప్రవక్త (సల్లం) ఒక పేద సహచరుని కంబళిని, గిన్నెను వేలం వేసి రెండు దిర్హములకు అమ్మిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. దాచిన లోపం బయటపడితే వస్తువును తిప్పి ఇచ్చే హక్కును ఫిఖహ్‌లో ఖియారె ఐబ్ అంటారు. ఇది కొనుగోలుదారుకు బలమైన రక్షణ. ఐతే దీనికి హద్దులున్నాయి. హనఫీ ఫిఖహ్ ప్రకారం అమ్మేవాడు ముందే చెప్పిన లోపాన్ని సాకుగా చూపి తిప్పి ఇవ్వరాదు. లోపం తెలిసిన తరువాత కూడా దానిని సొంత సొత్తుగా వాడుకుంటే ఆ హక్కు పోతుంది. కొన్నవాని చేతిలో కొత్త నష్టం కలిగితే, అమ్మినవాడు ఒప్పుకుంటే తప్ప వస్తువును తిప్పి ఇవ్వడం కుదరదు. పాత లోపానికి తగినంత ధర మాత్రమే తగ్గించి రాబట్టుకోవాలి. వివాదం వస్తే రుజువు చూపే బాధ్యత ఆరోపించేవానిది, ప్రమాణం కాదనేవానిది.

నేటి వేలం సంస్థలలో కొరవడినది ప్రధానంగా ఈ చివరి సూత్రమే. ఉచిత వాపసు సదుపాయమిచ్చే కొందరు అమ్మకందారులకు, వస్తువు చెడి తిరిగివస్తే 50 శాతం వరకు సొమ్ము మినహాయించుకునే వీలును ఈబే తరువాత కల్పించింది. ఇది న్యాయం వైపు వేసిన అడుగు. కాని రుజువు భారం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

అందాకా అమ్మకందారు చేయదగినవి కొన్ని ఉన్నాయి. చిన్న గీతను కూడా దాచక వర్ణనలో వ్రాయాలి. వస్తువు సంఖ్య కనిపించేలా ఫోటోలు తీయాలి. పెట్టెలో సర్దడాన్ని వీడియో తీసి ఉంచాలి. వస్తువు చేరినట్టు తెలిపే రసీదును భద్రపరచాలి.

కొనుగోలుదారు బాధ్యత కూడా తక్కువది కాదు. క్రయవిక్రయాలు చేసే ఇద్దరూ సత్యం పలికి, ఉన్నది ఉన్నట్టు వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందని, అబద్ధమాడి దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హదీసు బోధిస్తున్నది. ఆ మాట ఇద్దరినీ ఉద్దేశించినది. అబద్ధపు ఫిర్యాదుతో తిరిగి తీసుకున్న సొమ్ము సంస్థ లెక్కలో వాపసు కావచ్చు. న్యాయం లెక్కలో అది పరుల సొమ్మే.