రినైసాన్స్ ఫెయిర్: నిజమెంత, వేషమెంత?

ఈ ఎపిసోడ్‌లో ఒక జాతర గురించి మాట్లాడుకుందాం. మన ఊరి జాతర కాదండోయ్, అమెరికాలో జరిగే రినైసాన్స్ ఫెయిర్.

అసలు ఇదేంటి? సింపుల్‌గా చెప్పాలంటే, 500 ఏళ్ల కిందటి యూరప్ ఊరిని ఒక మైదానంలో కట్టేస్తారు. రాజు, రాణి, కమ్మరి, గారడీవాళ్లు అందరూ వేషాల్లో తిరుగుతుంటారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా వేషం వేసుకోవచ్చు. 1963లో లాస్ ఏంజిలిస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచర్, ఆమె భర్త రాన్ కలిసి ఒక రేడియో స్టేషన్‌కి డబ్బు సమకూర్చడానికి దీన్ని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా అంతా పాకింది.

మేం వెళ్లింది డాలస్ దగ్గర వాక్సహాచీలో జరిగే స్కార్‌బరో ఫెయిర్‌కి. అన్నయ్య, వదిన, వాళ్ల తొమ్మిదేళ్ల పాప, నేను. అక్కడి రాజు ఎనిమిదో హెన్రీ. గుర్రాల మీద ఈటెల పోటీ మొదలవగానే పాప గొంతు పోయేలా అరిచింది. సాయంత్రం కారు దగ్గర పులిహోర తింటుంటే అడిగింది, "బాబాయ్, ఇదంతా ఫేకా?"

అన్నయ్య "అంతేరా, డ్రామా" అనేశాడు. పాప మొహం వాడిపోయింది. అప్పుడు మేం కూర్చుని లెక్కేశాం.

ఈటెలు? విరగడానికే వాటి చివర తేలికైన చెక్క పెడతారు. గుర్రం, దాని మీద బ్యాలెన్స్ మాత్రం నిజం. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమూ నిజమే. అందరి చేతుల్లో కనిపించే టర్కీ కాలు? టర్కీ అమెరికా పక్షి. హెన్రీ కాలానికి ఇంగ్లండ్‌లో అదొక కొత్త వింత, ఊళ్లో అందరూ తినేది కాదు. ఇక బంగాళాదుంప వేపుళ్లు? హెన్రీ 1547లో చనిపోయాడు. ఆలుగడ్డ ఇంగ్లండ్ చేరింది ఆ తర్వాతే.

"మరి మన పులిహోర?" అంది పాప. అందులో ఎండుమిర్చి, పల్లీలు కూడా అమెరికా నుంచి వచ్చినవే! శ్రీకృష్ణదేవరాయల కాలంలో మన వంటల్లో కారం అంటే ప్రధానంగా మిరియాలే.

"ఆయనెవరు?"

అక్కడ ఆగిపోయాం ఫ్రెండ్స్. హెన్రీకి ఆరుగురు భార్యలని చెప్పగలిగే పిల్లకి రాయలవారి పేరే తెలీదు. తప్పు పాపది కాదు, మేమెప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ రాజులైంది ఒకే ఏడాది, 1509లో. విజయనగరంలో మహానవమి వేడుకల్ని డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు కళ్లారా చూసి రాశాడు. కుస్తీలు, నాట్యాలు, బాణసంచా, అలంకరించిన ఏనుగులు. ఆ మహానవమి దిబ్బ హంపిలో ఇప్పటికీ ఉంది.

ఫోన్‌లో దిబ్బ ఫోటో చూపిస్తే, "రాణి వేషం అక్కడికి వేసుకెళ్లొచ్చా?" అంది. ఈసారి అన్నయ్య డ్రామా అనలేదు, టికెట్ల రేట్లు చూడటం మొదలెట్టాడు.

కాబట్టి మీరూ ఫెయిర్‌కి వెళ్తే టోపీ, నీళ్ల బాటిల్ మర్చిపోకండి. పిల్లలు "ఫేకా?" అని అడిగితే కొట్టిపారేయకండి, కలిసి వెతకండి. మళ్లీ కలుద్దాం, బై!